పరుగు తర్వాత తెల్లకణాలు ఎక్కడికి వెళ్తాయి?

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం మావయ్య ఫోన్ చేశారు. "ఒరేయ్, తెల్లకణాల టోటల్ కౌంట్ 11,900 వచ్చింది. పక్కన ఎర్రగా 'హై' అని వేశారు. మీ అత్తయ్య పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. ఏంట్రా ఇది?"

మావయ్యకు 58 ఏళ్లు. నెల్లూరు నుంచి చెన్నై వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. టీ నగర్‌లో, వెంకటనారాయణ రోడ్డు తిరుపతి దేవస్థానం గుడికి దగ్గర్లోనే ఇల్లు. రోజూ తెల్లవారుజామున నటేశన్ పార్కులో జాగింగ్ చేస్తారు. ఆ రోజు మాస్టర్ హెల్త్ చెకప్ ఉంది. పరగడుపున రమ్మన్నారు కదా అని కాఫీ కూడా తాగకుండా పార్కుకు వెళ్లి, ఎప్పటిలాగే చుట్లు పరుగెత్తి, అట్నుంచి అటే ల్యాబ్‌కు వెళ్లారు. అక్కడ లిఫ్టు పనిచేయడం లేదు. మూడంతస్తులు మెట్లెక్కారు. కుర్చీలో కూర్చున్న రెండు నిమిషాలకే, చెమట ఆరకముందే రక్తం తీసేశారు. రిపోర్టు ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో ఉన్నమ్మాయి "ఫీవర్ ఇరుక్కా సార్?" (జ్వరం ఉందా) అని అడిగిందట. మావయ్య లేదనగానే, "అప్పో ఎంగేయో ఇన్ఫెక్షన్ ఇరుక్కుం" అందట. ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉందన్న ఆ ఒక్క మాట చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకోవడానికి. పొద్దున వ్యాయామం చేశారా అని మాత్రం ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

నేను చెన్నైలోనే ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను, డాక్టర్ని కాను. అందుకే మావయ్యను వాళ్ల ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే వెళ్లమన్నాను. కాకపోతే పార్కు సంగతి, మెట్ల సంగతి తప్పకుండా చెప్పమన్నాను. ఆయన రెండు రోజులు విశ్రాంతిగా ఉండి మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు. రెండోసారి కౌంట్ 7,100. మందూ లేదు, మాత్రా లేదు.

తెల్లకణాల కౌంట్ మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తానికి 4,000 నుంచి 11,000 దాకా ఉంటుంది. ఆ మధ్యలో ఉంటే ఎవరూ పట్టించుకోరు, కొంచెం దాటితే గుండె దడ. వ్యాయామం ఈ అంకెను ఎంతగా కదిలిస్తుందో, ఎందుకు కదిలిస్తుందో తెలిసినవాళ్లు మన చుట్టూ తక్కువ. తెలియకపోవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. ఒకటి మా ఇంట్లో జరిగినట్టు అనవసరమైన భయం. రెండోది అంతకంటే పెద్దది. గట్టిగా వ్యాయామం చేస్తే ఇమ్యూనిటీ పడిపోతుందని చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం పుట్టింది కూడా ఇదే అంకెను తప్పుగా చదవడం వల్లే.

గళ్లలో లెక్కపెడితే

మా ఫస్టియర్ పిల్లలకు ప్రాక్టికల్‌లో తెల్లకణాలను చేత్తో లెక్కపెట్టడం నేర్పిస్తాం. ఇప్పుడు చాలా ల్యాబ్‌లలో మెషీన్లే లెక్కపెడుతున్నాయి గానీ, ఒక్కసారి కంటితో చూస్తే ఆ అంకె అంటే ఏమిటో జన్మంతా మరిచిపోరు. సన్నటి గాజు పిప్పెట్‌లోకి 0.5 గీత దాకా రక్తం పీలుస్తారు, 11 గీత దాకా టర్క్ ద్రావణం నింపుతారు. పిప్పెట్ బుడ్డిలో ఒక తెల్లపూస ఉంటుంది, ఊపితే రెండూ కలిసిపోతాయి. ద్రావణంలోని అసిటిక్ యాసిడ్ ఎర్రకణాలను పగలగొట్టేస్తుంది. మిగిలిన తెల్లకణాల కేంద్రకాలకు వంగపండు రంగు పడుతుంది. ఆ చుక్కను గళ్లు చెక్కిన గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే, లేత ఊదా చుక్కలు వాకిట్లో వేసిన ముగ్గు చుక్కల్లా కనిపిస్తాయి. నాలుగు మూలల గళ్లలో ఉన్నవాటిని లెక్కపెట్టి 50తో గుణిస్తే అదే టోటల్ కౌంట్.

మావయ్య సంగతి అయ్యాక క్లాసులో ఒక పని చేశాం. గూడూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, కాలేజీ ఖోఖో టీములో ఉంటాడు, తనే ముందుకొచ్చాడు. ముందు స్థిమితంగా కూర్చోబెట్టి చూశాం: 128 చుక్కలు. అంటే 6,400. తర్వాత నాలుగంతస్తుల మెట్లు ఐదుసార్లు పరుగున ఎక్కి దిగమన్నాం. ఒగరుస్తూ వచ్చి వేలు చాపాడు. ఈసారి 187. అంటే 9,350. మధ్యలో పది నిమిషాలు కూడా కాలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి వెంటనే అడిగింది: "సార్, పది నిమిషాల్లో అన్ని కొత్త కణాలు ఎలా పుడతాయి?"

పుట్టవు. ఎముక మజ్జలో ఒక న్యూట్రోఫిల్ (తెల్లకణాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండే రకం) తయారై బయటికి రావడానికి రోజులు పడుతుంది. పది నిమిషాల్లో పెరిగినవి అప్పుడు పుట్టినవి కావు, అప్పటికే ఒంట్లో ఉండి, మన సూదికి అందనివి.

రంగనాథన్ వీధి లెక్క

దీపావళికి ముందు ఆదివారం మాంబళం స్టేషన్ పక్కన రంగనాథన్ వీధిలో నిలబడి తలలు లెక్కపెట్టారనుకోండి. కాలు పెట్టే సందు ఉండదు. అది చూసి చెన్నై జనాభా వారంలో పదింతలు అయిందని ఎవరూ అనరు. ఇళ్లలో ఉన్నవాళ్లు రోడ్డు మీదికి వచ్చారు, అంతే. అదే రంగనాథన్ వీధిలో సంక్రాంతి నాడు లెక్కపెట్టండి. జనం సగానికి సగం ఉండరు. వాళ్లకేమీ కాలేదు, ఊళ్లకు వెళ్లారు.

రక్తం కూడా అలాంటి వీధే. లింఫోసైట్లు తెల్లకణాల్లో ఇంకో రకం. మన ఒంట్లో ఉన్న మొత్తం లింఫోసైట్లలో ఏ క్షణాన చూసినా రక్తంలో తిరుగుతున్నవి దాదాపు 2 శాతమే. మిగతావన్నీ లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో (స్ప్లీన్), ఎముక మజ్జలో, పేగుల గోడల్లో, ఊపిరితిత్తుల్లో, చర్మంలో కాపురం ఉంటాయి. న్యూట్రోఫిల్స్‌దీ కొంత ఇదే తీరు. రక్తనాళాల్లో ఉన్నవాటిలో కూడా ఇంచుమించు సగం ప్రవాహంలో కొట్టుకుపోకుండా సన్నటి నాళాల గోడలను పట్టుకుని ఆగిపోతాయి. సిరంజిలోకి వచ్చేది ప్రవాహంలో ఉన్న భాగమే. గోడకు అంటుకున్నవి రిపోర్టులో కనిపించవు.

పరుగు మొదలుపెట్టగానే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోసే గుండె, గట్టి వ్యాయామంలో 20 లీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా తోస్తుంది. ఆ వరదకు గోడలను పట్టుకున్న కణాలు ఊడి ప్రవాహంలో పడతాయి. రెండో పని అడ్రినలిన్‌ది. లింఫోసైట్ల ఒంటి మీద ఈ హార్మోన్‌ను అందుకునే బీటా-2 గ్రాహకాలు ఉంటాయి. తాళం చెవి పడ్డట్టు అడ్రినలిన్ అక్కడ పడగానే కణం పట్టు సడలించి గోడను వదిలేస్తుంది. ప్లీహం కూడా కుంచించుకుని తనలో ఉన్న కణాలను రక్తంలోకి వదులుతుంది.

ఇది అడ్రినలిన్ పనే అని ఎలా చెప్పగలమంటే, బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రల్లో కొన్ని బీటా-1, బీటా-2 రెంటినీ మూసేస్తాయి. అలాంటి మాత్ర వేసుకుని వ్యాయామం చేసినవాళ్లలో లింఫోసైట్ల పెరుగుదల బాగా తగ్గిపోయింది. బీటా-1ను మాత్రమే మూసే మాత్ర వేసుకున్నవాళ్లలో అంత తేడా రాలేదు. ఇది చదివి ఎవరూ తమ మాత్రలు మానేయకండి. గుండెకు ఆ మాత్ర చేసే మేలు వేరు, అది డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిన సంగతి.

వ్యాయామంతో తెల్లకణాలు పెరుగుతాయన్నది కొత్త సంగతేమీ కాదు. 1902లోనే లారబీ అనే అమెరికన్ వైద్యుడు బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తినవాళ్ల రక్తం చూసి, కౌంట్ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ల స్థాయికి పెరిగిందని రాశాడు. నూటపాతికేళ్లు కావస్తున్నా రక్తం తీసే ముందు "పరుగెత్తి వచ్చారా?" అన్న ప్రశ్న మన ల్యాబ్‌లకు ఇంకా అలవాటు కాలేదంటే నాకు బాధగా ఉంటుంది. ఫారంలో ఒక్క గడి చాలు.

ముందుగా కదిలేది ఎవరు?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఇది. అన్ని కణాలూ సమానంగా బయటికి రావు. బయటికొచ్చే వరసలో ఒక క్రమం ఉంది.

అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా వచ్చేవి ఎన్‌కే కణాలు. నేచురల్ కిల్లర్ అని వాటి పేరు. వైరస్ పట్టిన కణాన్ని, క్యాన్సర్‌గా మారుతున్న కణాన్ని ముందస్తు పరిచయం లేకుండానే పసిగట్టి చంపగలవు. వీటి మీద బీటా-2 గ్రాహకాలు మిగతా లింఫోసైట్ల కంటే ఎక్కువ. గట్టి వ్యాయామంలో రక్తంలో వీటి సంఖ్య ఐదింతలు, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. వాటి తర్వాత సీడీ-8 టీ కణాలు (ఇవీ లింఫోసైట్లే, వైరస్ పట్టిన కణాలను చంపేవి), అందులోనూ ఇదివరకే ఏదో వైరస్‌తో తలపడి అనుభవం సంపాదించినవి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, మిగతా కణాలకు సాయం చేసే సీడీ-4 టీ కణాలు కొద్దిగానే పెరుగుతాయి. ఇంకా ఏ శత్రువునూ చూడని కొత్త టీ కణాలు పెద్దగా కదలవు.

అంటే ఎవరు పడితే వాళ్లు రోడ్డెక్కడం లేదు. చేతిలో ఆయుధం ఉండి, వెంటనే కణజాలంలోకి దూరి పనిచేయగలిగినవే వస్తున్నాయి. దీనికి అర్థం ఉందనే నాకు అనిపిస్తుంది. మన పూర్వీకులు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒళ్లు తెలియకుండా పరుగెత్తేవారు. వెంటపడిన జంతువు పంజా తగలొచ్చు, ముల్లు గుచ్చుకోవచ్చు, గాయంలోంచి క్రిములు దిగొచ్చు. అలాంటి వేళ పాఠం నేర్చుకునే కణాల కంటే పని తెలిసిన కణాలే ముందు కావాలి. మెట్లెక్కే మావయ్య వెనక పులేమీ లేదని ఆ కణాలకు తెలియదు కదా.

ఇందులోనే తీవ్రత ప్రశ్న కూడా ఉంది. పార్కులో ఇద్దరు ముగ్గురు చేతులూపుకుంటూ, కోడలి సంగతులు చెప్పుకుంటూ నడవడం మనసుకు ఎంతో మంచిది. కానీ గుండె వేగం పెరగకపోతే అడ్రినలిన్ పెరగదు, అడ్రినలిన్ పెరగకపోతే ఎన్‌కే కణాలు పెద్దగా కదలవు. మాట్లాడటానికి వీలవుతూ పాట పాడటానికి వీలుకానంత వేగం ఉంటే అది ఓ మాదిరి వ్యాయామం కిందికి వస్తుంది.

ఇక ఆగిపోయాక ఏమవుతుందంటే, అడ్రినలిన్ నిమిషాల్లోనే పడిపోతుంది. దాంతో లింఫోసైట్లు ఎంత తొందరగా వచ్చాయో అంత తొందరగా రక్తాన్ని ఖాళీ చేస్తాయి. గంట రెండు గంటల్లో మొదట ఉన్నదానికంటే కూడా కిందికి దిగుతాయి. వ్యాయామం సుదీర్ఘమైనదీ తీవ్రమైనదీ అయితే 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతాయి. ఇరవైనాలుగు గంటల్లోపు మళ్లీ మామూలుకు వచ్చేస్తాయి. న్యూట్రోఫిల్స్ తీరు వేరు. నెమ్మదిగా పనిచేసే కార్టిసాల్ హార్మోన్ ఎముక మజ్జలో సిద్ధంగా ఉన్నవాటిని బయటికి పంపుతుంది కాబట్టి, పరుగు ఆగిన కొన్ని గంటల తర్వాత అవి రెండోసారి పెరుగుతాయి. అందుకని ఒకే మనిషికి ఒకే రోజు రెండు రకాల రిపోర్టులు రావొచ్చు. పరుగు అవగానే తీస్తే లింఫోసైట్లు ఎక్కువ, వైరల్ జ్వరమేమో అనిపిస్తుంది. మూడు గంటల తర్వాత తీస్తే న్యూట్రోఫిల్స్ ఎక్కువ, లింఫోసైట్లు తక్కువ, బ్యాక్టీరియా ఇన్ఫెక్షనేమో అనిపిస్తుంది. మనిషి మాత్రం నిక్షేపంగా ఉంటాడు.

మావయ్య మొదటి రిపోర్టులో లింఫోసైట్లు 35 శాతం, రెండోదాంట్లో 30 శాతం. చూడటానికి ఐదు శాతమే తేడా. కానీ శాతాన్ని మొత్తంతో గుణిస్తే మొదటిసారి 4,165, రెండోసారి 2,130. దాదాపు రెట్టింపు. సీబీపీ (రక్తకణాల పూర్తి లెక్క) రిపోర్టులో శాతాలు చూసి ఊరుకోకుండా ఈ గుణకారం చేసి చూడటం అందరూ అలవాటు చేసుకోవాల్సిన పని.

'తెరిచిన కిటికీ' కథ

లింఫోసైట్లు తగ్గే ఆ కొన్ని గంటల మీదే పెద్ద సిద్ధాంతం ఒకటి లేచింది.

1983లో దక్షిణాఫ్రికాలో ఇద్దరు పరిశోధకులు కేప్‌టౌన్‌లో జరిగే 56 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్న 150 మందిని అడిగారు. పరుగు తర్వాత రెండు వారాల్లో మూడోవంతు మందికి జలుబు, గొంతునొప్పి లాంటివి వచ్చాయన్నారు. పరుగెత్తనివాళ్లలో అది 15 శాతమే. తర్వాత 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ రన్నర్లను అమెరికా పరిశోధకుడు డేవిడ్ నీమన్ బృందం అడిగింది. మొత్తం 2,300 మందికి పైగా. పరుగు తర్వాతి వారంలో 12.9 శాతం మంది జబ్బు చేసిందన్నారు. పేరు నమోదు చేసుకుని ఏదో కారణంతో పరుగెత్తని తోటి రన్నర్లలో అలా అన్నవాళ్లు 2.2 శాతమే.

ఒకపక్క రక్తంలో లింఫోసైట్లు తగ్గడం, ఇంకోపక్క జలుబులు పెరగడం. రెంటినీ కలిపేయడం సహజమే. గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటలపాటు రోగనిరోధకశక్తి కిటికీ తెరిచి పెట్టినట్టు ఉంటుంది, అందులోంచి క్రిములు దూరతాయి అన్నారు. 1990ల నుంచి ఇది పాఠ్యపుస్తకాలకెక్కింది, జిమ్ కోచ్‌ల నోళ్లలో నానింది. ఈ రోజుకీ చెన్నై రన్నింగ్ గ్రూపుల్లో "లాంగ్ రన్ చేశావు, రెండు రోజులు ఇమ్యూనిటీ డౌన్ ఉంటుంది జాగ్రత్త" అనే మాట వినపడుతూనే ఉంది.

ఇందులో రెండు చోట్ల కాలు జారింది. మొదటిది జలుబు లెక్క. ఆ సర్వేల్లో ఎవరి ముక్కులోంచీ నమూనా తీయలేదు, రన్నర్లు చెప్పింది రాసుకున్నారు. 2007లో ఆస్ట్రేలియాలో క్రీడాకారులకు జలుబు లక్షణాలు వచ్చినప్పుడల్లా నిజంగా పరీక్షలు చేస్తే, 37 సార్లలో 11 సార్లే క్రిమి దొరికింది. మిగతావి పొడిగాలి, దుమ్ము, ఎలర్జీ లాంటి వాటివల్ల కావొచ్చు. రెండు మూడు గంటలు నోటితో గాలి పీల్చుకుంటూ పరుగెత్తితే గొంతు మండకుండా ఎలా ఉంటుంది?

రెండోది, నా దృష్టిలో అసలు తప్పు, రోడ్డు ఖాళీ అయితే ఊరు ఖాళీ అయిందనుకోవడం. రక్తంలో తగ్గిన లింఫోసైట్లు ఏమయ్యాయి? చచ్చిపోయాయా? ఆ తగ్గుదలకు సరిపడా కణాలు చనిపోయిన జాడలు దొరకలేదు. 2008లో జర్మనీలో కార్‌స్టెన్ క్రూగర్ బృందం ఎలుకల టీ కణాలకు మెరిసే రంగు పట్టించి, వాటిని పరుగెత్తించి, తర్వాత ఆ కణాలు ఎక్కడ తేలాయో వెతికింది. ప్లీహంలో తగ్గాయి. ఊపిరితిత్తుల్లో, పేగు గోడల్లోని లింఫు ముద్దల్లో, ఎముక మజ్జలో పెరిగాయి. బయటి గాలి తగిలే చోటు, తిన్న తిండి తగిలే చోటు, అంటే క్రిములు లోపలికి వచ్చే గుమ్మాలు రెండూ అందులో ఉన్నాయి. సూదికి దొరకనంత మాత్రాన అవి పని మానేసినట్టు కాదు, పనిలోకి దిగినట్టు.

2018లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్యాంప్‌బెల్, జేమ్స్ టర్నర్ ఈ సాక్ష్యాలన్నీ ఒకచోట చేర్చి, వ్యాయామం రోగనిరోధకశక్తిని అణచివేస్తుందన్నది అపోహ అని గట్టిగా వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. 2020లో క్యాంప్‌బెల్, టర్నర్, క్రూగర్ ఒకవైపు వాదనలతోనూ, నీమన్ లాంటి పాతవాళ్లు ఇంకోవైపు వాదనలతోనూ కలిసి ఒకే పత్రం రాశారు. వారాల తరబడి ఒంటిని విరగదీసుకుని శిక్షణ పొందే పోటీ క్రీడాకారుల విషయంలో వాళ్ల మధ్య తేడా ఇంకా ఉంది. వాళ్లకు నిద్ర చాలదు, తిండి చాలదు, ప్రయాణాలు, పోటీ టెన్షన్. వీటిలో ఏది ఎంత పాపం చేస్తుందో విడదీయడం కష్టం.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2015లో అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయినవాళ్లతో పోలిస్తే, ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయినవాళ్లకు జలుబు పట్టే అవకాశం 4.2 రెట్లు. ఇప్పుడు మారథాన్ రోజు ఎలా ఉంటుందో చూడండి. ముందు రాత్రి ఆత్రుతతో నిద్ర పట్టదు. తెల్లవారుజామున రెండున్నరకే లేవాలి. వేలమంది గుంపులో భుజానికి భుజం రాసుకుంటూ నిలబడాలి. పరుగయ్యాక తడి బట్టలతోనే ఫొటోలు, తర్వాత అందరూ కలిసి ఇడ్లీ, పొంగల్. ఆ వారంలో జలుబు చేస్తే పరుగు ఒక్కదాన్నే ముద్దాయిని చేయడం న్యాయం కాదు.

నెలలు, ఏళ్లు గడిస్తే

ఒక రోజు పరుగులో కణాలు వస్తాయి, పోతాయి. రోజూ చేస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. నీమన్ బృందమే 2011లో ప్రచురించిన అధ్యయనంలో 1,002 మందిని 12 వారాలు గమనించారు. వారానికి ఐదు రోజులు, ఆపైన వ్యాయామం చేసినవాళ్లు జలుబు దగ్గులతో బాధపడిన రోజులు, దాదాపు ఏమీ చేయనివాళ్లకంటే 43 శాతం తక్కువ. కోవిడ్ కాలంలో అమెరికాలో 48,440 మంది రోగుల వివరాలు చూసినప్పుడు, వారానికి 150 నిమిషాల వ్యాయామం అలవాటున్నవాళ్లతో పోలిస్తే ఏమీ చేయనివాళ్లు ఆసుపత్రి పాలయ్యే అవకాశం రెండింతలకు పైగా ఉంది. ఇలాంటి గమనింపు అధ్యయనాల్లో ఒక మెలిక ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వ్యాయామం చేయగలుగుతారు కదా! వయసు, బరువు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకున్నారు గానీ ఆ మెలిక పూర్తిగా విడిపోదు.

అందుకే నాకు సైకిల్ తొక్కేవాళ్ల మీద చేసిన అధ్యయనం ఎక్కువ ఇష్టం. 2018లో బర్మింగ్‌హామ్, కింగ్స్ కాలేజ్ లండన్ పరిశోధకులు 55 నుంచి 79 ఏళ్ల మధ్య ఉండి, జీవితమంతా సైకిల్ తొక్కుతూ వచ్చిన 125 మంది రక్తం పరీక్షించారు. మన గుండె పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది, కొత్త టీ కణాలకు అదే బడి. ఇరవై ఏళ్లు దాటినప్పటి నుంచే అది ఎండిపోతూ వస్తుంది. ఈ పెద్దవాళ్లలో మాత్రం థైమస్ నుంచి అప్పుడే వచ్చిన టీ కణాలు కుర్రవాళ్లలో ఉన్నంతగా ఉన్నాయి. వయసు తెచ్చే మార్పులన్నీ ఆగలేదు. ముదిరిన టీ కణాలు వాళ్లలోనూ పేరుకుని ఉన్నాయి. అయినా అంత వయసులో ఆ బడి ఇంకా తెరిచి ఉండటం నాకు గొప్పగా అనిపించింది.

క్యాన్సర్ వైపు కూడా ఆశ పుట్టించే పని ఒకటి జరిగింది. 2016లో డెన్మార్క్‌లో పెర్నిల్లె హోయ్‌మన్ బృందం చక్రాలు పెట్టిన బోనుల్లో ఎలుకలను ఇష్టమొచ్చినంత పరుగెత్తనిచ్చింది. పరుగెత్తిన ఎలుకల్లో కణితులు 60 శాతానికి పైగా తగ్గాయి. కణితులను కోసి చూస్తే లోపల ఎన్‌కే కణాలు దూరి ఉన్నాయి. అడ్రినలిన్ వాటిని రక్తంలోకి లాగితే, పనిచేస్తున్న కండరం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ వాటికి దారి చూపించినట్టు తేలింది. ఎలుకలో జరిగిందల్లా మనిషిలో జరుగుతుందని అనలేం. వ్యాయామం క్యాన్సర్‌కు చికిత్స అని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ చికిత్సతో పాటు నడవమని డాక్టర్లు ఇప్పుడు ఎందుకు చెబుతున్నారో అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి.

టీకాల దగ్గర చిన్న, చక్కటి సంగతి ఇంకొకటి. అమెరికాలోని అయోవాలో, ఫ్లూ లేదా కోవిడ్ టీకా వేయించుకున్న వెంటనే 90 నిమిషాలు తేలికపాటి నుంచి ఓ మాదిరి వ్యాయామం చేసినవాళ్లలో నాలుగు వారాల తర్వాత యాంటీబాడీలు ఎక్కువ కనిపించాయి. సైడ్ ఎఫెక్టులు పెరగలేదు. 45 నిమిషాలకు ఆ ఫలితం రాలేదు. 2022లో వచ్చిన చిన్న అధ్యయనం అది.

జ్వరం వచ్చినప్పుడు

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే పరుగు వేరు, జ్వరంలో చేసే పరుగు వేరు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితో పాటు డెంగీ, వైరల్ జ్వరాలు. చెమట పడితే జ్వరం దిగుతుందని ఒళ్లు కాలుతున్నా ట్రెడ్‌మిల్ ఎక్కేవాళ్లను నేను చూశాను. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ సమయంలో గుండెను పరుగెత్తిస్తే ప్రాణానికే ముప్పు. ముక్కు కారడం వరకే ఉంటే మెల్లగా నడవొచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, వీటిలో ఏదున్నా పూర్తిగా తగ్గేదాకా పడుకోవాల్సిందే. డెంగీ అనుమానం ఉంటే మరీనూ. ఇంకో సంగతి, వ్యాయామం ప్లేట్‌లెట్లను కూడా కాసేపు పెంచుతుంది, ప్లీహం నుంచే. ఆసుపత్రి మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వెంటనే ఇచ్చిన రక్తంలో ఆ అంకెను కూడా కాస్త ఆలోచించి చదవాలి.

పరీక్షకు వెళ్లే రోజు పరగడుపున ఉండటంతో పాటు పొద్దుటి వ్యాయామం కూడా రక్తం ఇచ్చేదాకా ఆపండి. ముందు రోజు మారథాన్, బరువులెత్తడం లాంటివి వద్దు. ల్యాబ్‌లో అడుగుపెట్టాక పదిహేను నిమిషాలైనా కూర్చుని అప్పుడు చెయ్యి చాపండి. తొందర పెడితే ఆగమనండి. కౌంట్ కాస్త అటూఇటూ అయితే గాభరా పడి యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు. డాక్టర్‌కు రిపోర్టుతో పాటు ఆ పొద్దున మీరేం చేశారో కూడా చెప్పండి. విశ్రాంతి తర్వాత తీసినా ఎక్కువే ఉంటే అప్పుడు తప్పకుండా కారణం వెతకాలి.

మా గూడూరు కుర్రాడి వేలు ఆ రోజు మూడోసారి కూడా గుచ్చాం. గంట గడిచాక, క్యాంటీన్‌లో అందరితో కూర్చుని వచ్చాక. 121 చుక్కలు, అంటే 6,050. వెనక బెంచీ అమ్మాయే మైక్రోస్కోపు మీద వంగి లెక్కపెట్టింది. రెండోసారి కనిపించిన 187 చుక్కల్లో ఇప్పుడు లేనివి ఎక్కడున్నాయని ఈసారి నేను అడిగాను. ఆ పిల్ల తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ కొన్ని" అంది. తర్వాత పొట్ట మీద పెట్టుకుని, "ఇక్కడ కొన్ని" అంది.

మావయ్య మొన్న ఆగస్టులో మళ్లీ పరీక్షకు వెళ్లారు. ముందు రోజు ఫోన్ చేసి, "రేపు పార్కు మానేయాలా?" అని అడిగారు. ఒక్క రోజు నాగా పెట్టాలన్నా ఆయనకు ప్రాణం ఒప్పదు. "మానొద్దు మావయ్యా, ముందు ల్యాబ్, తర్వాత పార్కు. ల్యాబ్‌లో లిఫ్టు లేకపోతే మెట్లు మెల్లగా ఎక్కండి, పైకెళ్లి కాసేపు కూర్చోండి" అన్నాను. మర్నాడు ఎనిమిదింటికి అత్తయ్య ఫొటో పంపించింది. నటేశన్ పార్కు ట్రాక్ మీద మావయ్య పరుగెడుతున్నారు, మోచేతి మడతలో దూది ప్లాస్టర్ ఇంకా అంటుకునే ఉంది.